అప్‌డేట్ ఇప్పుడే కొట్టాలా, ఆగాలా? ఇంటికి, దుకాణానికి, చదువుకునే పిల్లలకు ఒక సమగ్ర మార్గదర్శి

"అప్‌డేట్ అడుగుతున్నది, కొట్టాల్నా వద్దా?" హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో కంప్యూటర్ సంగతులు కాస్త తెలిసిన వాళ్లందరికీ ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. అడిగేది ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణం లెక్కలు చూసే గుమాస్తా కావచ్చు, పెళ్లి కార్డులు చేసే డీటీపీ ఆపరేటర్ కావచ్చు, నిట్‌లో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లవాడు కావచ్చు. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి.

మన దగ్గర రెండు అలవాట్లు బాగా నాటుకుపోయాయి. ఫార్మాట్ కొట్టిన కుర్రాడు "అన్నా, అప్‌డేట్స్ ఆఫ్ చేసిన, ఇగ స్లో కాదు" అని చెప్పి వెళ్తే ఐదారేళ్లు దాని జోలికి పోకపోవడం ఒకటి. తెర మీద ఏ డబ్బా కనిపించినా చదవకుండా 'ఓకే' నొక్కడం ఇంకొకటి. నేను పాటించే పద్ధతి ఇది: భద్రతకు సంబంధించినది వారంలోపు వేసుకోవాలి. మిగతావన్నీ మన పనికి సందు దొరికినప్పుడు చూసుకోవచ్చు. ఏది వేసినా ముందు వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకోవాలి. దీన్నే అంచెలవారీగా చెప్తాను.

మొదటి అంచె: ఏముందో రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న డబ్బాలో 'విన్‌వర్' (winver) అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే మీ విండోస్ ఏదో, ఏ వెర్షనో కనిపిస్తుంది. అది రాసుకోండి. తర్వాత రోజూ వాడే ప్రోగ్రాములు, వాటి వెర్షన్లు. ఆ పక్కన కంప్యూటర్‌కు తగిలించిన సామాను: ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, డిజిటల్ సంతకం టోకెన్. చివరగా లైసెన్సు కీలు, అకౌంట్ల ఈమెయిల్ ఐడీలు. చాలామంది దగ్గర ఈ చివరి వరుసే ఖాళీగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎవరి ఫోన్ నంబరు మీద తెరిచారో గుర్తుండదు. ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

రెండో అంచె: వచ్చింది ఏ రకమో గుర్తుపట్టండి

అన్నిటినీ మనం 'అప్‌డేట్' అనే ఒక్క మాటతో పిలుస్తాం కానీ లోపల నాలుగైదు రకాలుంటాయి. ఎప్పుడు వేయాలన్నది ఆ రకాన్ని బట్టే ఉంటుంది.

మొదటిది భద్రతా ప్యాచ్, అంటే వైరస్‌లు దూరే సందులను మూసే సవరణ. మైక్రోసాఫ్ట్ వీటిని ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. మనకు అప్పటికి రాత్రి పొద్దుపోతుంది కాబట్టి బుధవారం ఉదయం దుకాణం తెరిచేసరికి కనిపిస్తుంది. ఇది వాయిదా వేస్తూ పోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. వానాక్రై అనే వైరస్ ఆ ఏడాది మే 12న విరుచుకుపడింది. అది దూరిన సందును మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలల వ్యవధి! వేసుకోని కంప్యూటర్లలో ఫైళ్లన్నీ తాళం పడ్డాయి. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల దాకా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి.

అయితే బుధవారం పొద్దున్నే వేయాలా అంటే, ఇంటి కంప్యూటర్‌కైతే వేసేయండి. దుకాణం కంప్యూటర్‌కు మూడు నాలుగు రోజులు ఆగి ఆదివారం వేసుకోవడం మేలని నా అభిప్రాయం. ప్యాచ్‌లో ఏదైనా తేడా ఉంటే ఈలోపు బయటపడుతుంది. 2021లో ప్రింటింగ్ వ్యవస్థలోని ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపాన్ని సరిచేసినప్పుడు అదే జరిగింది. ప్యాచ్ అవసరమే, కానీ అది వేశాక చాలా ఆఫీసుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టాయి. ఒక్క మినహాయింపు ఉంది: ఈ లోపంతో ఇప్పటికే దాడులు జరుగుతున్నాయని ప్రకటిస్తే ఆదివారం దాకా ఆగొద్దు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్ల విషయంలోనూ ఆగే పని లేదు. మూసి తెరిస్తే చాలు, అదే అయిపోతుంది. ముప్పై ట్యాబులు పెట్టుకుని వారాల తరబడి మూయని వాళ్లకే అది పెండింగులో ఉంటుంది.

రెండో రకం 'ఆప్షనల్', 'ప్రివ్యూ' అన్న పేర్లతో నెలాఖరులో వచ్చేది. దాన్ని వదిలేయండి. అందులోనివే వచ్చే నెల రెండో మంగళవారం అసలు ప్యాచ్‌తో కలిసి వస్తాయి. సెట్టింగ్స్‌లో 'లేటెస్ట్ అప్‌డేట్స్ రాగానే ఇవ్వు' అనే మీట ఉంటే ఆఫ్ చేసి ఉంచండి.

మూడోది ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్: విండోస్ 11లో 24హెచ్2, 25హెచ్2 లాంటివి. ఇక్కడ తొందర పనికిరాదు. 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లలోని ఫైళ్లనే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపేసి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. మొదటి వారంలో పరుగెత్తినవాళ్లే నష్టపోయారు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి కాబట్టి రెండు మూడు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. ఉబుంటు (లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) వాళ్లు ఈ జాగ్రత్తను పద్ధతిగానే పెట్టుకున్నారు. కొత్త ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు మద్దతు ఉండే) వెర్షన్ ఏప్రిల్‌లో వచ్చినా, పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు అప్‌గ్రేడ్ చూపించేది మొదటి సవరణ విడుదలయ్యాకే, అంటే మామూలుగా ఆగస్టు ప్రాంతంలో.

కొత్తదాన్ని ముందే అందుకోవడం ఒక్కోసారి భద్రతకే ముప్పు కావచ్చు. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లినక్స్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. అందులో చిక్కుకున్నవి ఎక్కువగా సరికొత్త వెర్షన్లను పరీక్షకు పెట్టుకున్న మెషీన్లే. నిదానంగా నడిచే స్థిరమైన వెర్షన్లలోకి అది ఇంకా చేరనే లేదు.

బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం), డ్రైవర్ (ప్రింటర్ లాంటి సామానును విండోస్‌తో కలిపే ప్రోగ్రాం) అప్‌డేట్లు నాలుగో రకం. ఇబ్బంది ఏదైనా ఉంటేనో, భద్రతా లోపం సరిచేశామని తయారీదారు స్పష్టంగా రాస్తేనో తప్ప ముట్టుకోకండి. 'మీ డ్రైవర్లన్నీ కొత్తవి చేస్తాం' అని ఊరించే ప్రోగ్రాముల జోలికి అసలే పోవద్దు.

అసలు అప్‌డేటే కానివి కూడా ఉంటాయి. ఏదో సైటు చూస్తుంటే 'మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి' అని పేజీ మధ్యలో వస్తే ఆ పేజీ మూసేయండి. నిజమైన అప్‌డేట్ ఆ ప్రోగ్రాం సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కంపెనీ నుంచి ఫోన్ చేస్తున్నామని, అప్‌డేట్ కోసం ఎనీడెస్క్ (మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ప్రోగ్రాం) పెట్టుకోమని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మూడో అంచె: గడువు చూసుకోండి

ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ కంపెనీ ఒక చివరి తేదీ పెడుతుంది. ఆ తేదీ దాటినా ప్రోగ్రాం ఆగిపోదు, అందుకే జనం పట్టించుకోరు. కానీ ఆ తర్వాత దొరికే కొత్త లోపాలకు ప్యాచ్ రాదు. విండోస్ 7కు 2020 జనవరి 14న, 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మద్దతు ముగిసింది. ఆఫీస్ 2016, 2019లకు కూడా విండోస్ 10తో పాటు అదే రోజు ముగిసింది. ఆఫీస్ 2021 తేదీ 2026 అక్టోబర్ 13.

విండోస్ 10 వాడే ఇళ్లకు మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చింది. 22హెచ్2 వెర్షన్ మీద ఉండి పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా ప్యాచ్‌లు వస్తాయని ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే ఇది ఉచితం, లేకపోతే 30 డాలర్లు. కొత్త కంప్యూటర్ కొనడానికో, అప్‌గ్రేడ్ చేసుకోవడానికో దొరికిన సమయంగానే దీన్ని చూడాలి.

తమంతట తాము అప్‌డేట్ కాని చిన్న ప్రోగ్రాములను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఫైళ్లను మూటగట్టే విన్‌రార్ అలాంటిదే. 2023లో దొరికిన ఒక పెద్ద లోపాన్ని 6.23 వెర్షన్‌లో, 2025లో దొరికిన మరోదాన్ని 7.13లో సరిచేశారు. రెండింటినీ అప్పటికే దాడులకు వాడారు. మీ కంప్యూటర్‌లో ఏ కాలం నాటి విన్‌రార్ ఉందో ఒకసారి చూడండి, ఆశ్చర్యపోతారు. 7-జిప్ కూడా అంతే, మనమే వెళ్లి కొత్తది దింపుకోవాలి.

నాలుగో అంచె: మీ పని క్యాలెండర్ ముందు పెట్టుకోండి

పెద్ద అప్‌గ్రేడ్‌కు ముహూర్తం పెట్టాల్సింది మీరే. ఎనుమాములలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బస్తాలు యార్డు నిండా ఉంటాయి. అదే సమయంలో మార్చి 31 లెక్కల ముగింపు. ఆ రోజుల్లో అడ్తి దుకాణం కంప్యూటర్‌ను కదిలించకూడదు. అక్టోబర్‌లో పత్తి మొదలవుతుంది. కాబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా ఉన్న తెరిపి సరైన కాలం. నెలలో కూడా రోజులు చూసుకోవాలి: జీఎస్‌టీ రిటర్నుల్లో జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, 3బీకి 20వ తేదీ గడువు. 21 నుంచి 27 లోపు ఒక ఆదివారం దొరికితే హాయి.

కార్డులు, ఫ్లెక్సీలు చేసేవాళ్లకు క్యాలెండర్ వేరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్ల నెలలు. బతుకమ్మ, దసరాకు ఫ్లెక్సీల గిరాకీ. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే రాత్రింబగళ్లు మెషీన్ తిరగాల్సిందే. ఆషాఢం వీళ్లకు మంచి నెల. పెళ్లిళ్లు ఉండవు, ఓనరు కూడా కాస్త నవ్వుతూ మాట్లాడతాడు.

విద్యార్థులు సెమిస్టర్ మధ్యలో, ముఖ్యంగా ప్రాజెక్టు వైవా ముందు, ఏదీ మార్చకూడదు. పైథాన్ కొత్త వెర్షన్ ప్రతి ఏటా అక్టోబర్‌లో వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు మద్దతు ఉంటుంది. మీరు వాడే లైబ్రరీలు కొత్త వెర్షన్‌ను అందుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ప్రాజెక్టుకు వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్) పెట్టుకుని, ఏ లైబ్రరీ ఏ వెర్షనో ఒక ఫైలులో రాసి ఉంచుకుంటే సిస్టమ్‌లో ఏం మారినా మీ పని చెడదు.

ఐదో అంచె: తోడున్నవి ఒప్పుకుంటాయా?

విండోస్ మార్చినప్పుడు ఇబ్బంది పెట్టేది విండోస్ కంటే దాన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాములే ఎక్కువ. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేదు, అందుకే 16 బిట్ కాలం నాటి ప్రోగ్రాములు దానిలో నేరుగా నడవవు. ఎప్పుడో డాస్ మీద ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాం ఇంకా వాడుతుంటే, పాత డాస్ ప్రోగ్రాములను నడిపించే డాస్‌బాక్స్ లాంటిది పెట్టుకోవాలి, లేదా కొత్త బిల్లింగ్‌కు మారాలి. అది నిర్ణయించుకోకుండా అప్‌గ్రేడ్ మొదలుపెట్టకండి.

డీటీపీ వాళ్ల సంగతి ఇంకా చిక్కు. వీళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. దానికి తోడు తెలుగు అక్షరాలకు 'అను' ఫాంట్లు, వాటి కీబోర్డు మేనేజర్. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి పాత కార్డుల ఫైళ్లన్నీ ఆ ఫాంట్లనే నమ్ముకుని ఉంటాయి. వీళ్లకు నా సలహా: పని చేస్తున్న మెషీన్‌ను అలాగే ఉంచి, వేరే మెషీన్‌లో విండోస్ 11 వేసి, పాత కార్డు ఒకటి తెరిచి, ఒత్తులు, వట్రసుడులు సరిగ్గా పడుతున్నాయో ప్రింటు తీసి చూడండి. అక్కడ కుదిరాకే పాత మెషీన్‌ను ముట్టుకోండి.

దుకాణం లెక్కలు రాసే ట్యాలీలో ఒక మెలిక ఉంది. పాత రిలీజులో ఉన్న కంపెనీ డేటాను ట్యాలీప్రైమ్ 3.0 లేదా ఆ పైదానిలో తెరిస్తే డేటాను కొత్త రూపంలోకి మార్చుకోమంటుంది. మార్చాక ఆ డేటా పాత రిలీజులో తెరుచుకోదు. మీ సీఏ ఆఫీసులో పాతది వాడుతుంటే మీరు పంపిన బ్యాకప్ వాళ్ల దగ్గర తెరుచుకోదు. కాబట్టి ముందు వాళ్లకు ఫోన్ చేసి ఇద్దరూ ఒకే వారంలో మారండి. అలాగని మారకుండా ఉండిపోవడమూ కుదరదు. జీఎస్‌టీ రేటు మారితే ఐటెమ్‌లో మనమే సవరించుకోవచ్చు, కానీ రిటర్న్ రూపమే మారితే కొత్త రిలీజు కావాలి. 2025లో జీఎస్‌టీఆర్-1 పన్నెండో టేబుల్‌లో హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) వివరాలను బీ2బీ (జీఎస్‌టీ నమోదున్న వ్యాపారులకు అమ్మినవి), బీ2సీ (నమోదు లేనివారికి అమ్మినవి)గా విడదీసి ఇవ్వమన్నది అలాంటి మార్పే.

ప్రింటర్, స్కానర్, సంతకం టోకెన్‌లకు తయారీదారు సైటులో విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో చూసి, ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే తెరుచుకునే పాత సైట్లు వాడేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. అది 2022 జూన్‌లో ఆగిపోయినా ఎడ్జ్‌లో దాని మోడ్ ఉంది, కనీసం 2029 దాకా ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

ఆరో అంచె: మెషీన్ తట్టుకుంటుందా?

విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలుకానిచ్చే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 నుంచి పైన. మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' నడిపితే అర్హత ఉందో లేదో చెప్తుంది. టీపీఎం లేదన్నా వెంటనే నిరాశ పడకండి, చాలా బోర్డుల్లో అది ఉండి, బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది.

కాగితం మీద 4 జీబీ చాలని ఉన్నా, పని సాగాలంటే 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) ఉండాలి. పాత హార్డ్‌డిస్క్ మీద విండోస్ 11 వేసి తిట్టుకునే బదులు మొదట ఎస్‌ఎస్‌డీ వేయించండి. అర్హత లేని మెషీన్‌కు అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనే వాళ్లుంటారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు ఆ అడ్డదారికి అర్థం లేదు. బ్రౌజింగ్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే వాడే పాత మెషీన్ అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ 22 వేయండి, దానికి 2029 ఏప్రిల్ దాకా మద్దతు ఉంది. ట్యాలీ, పేజ్‌మేకర్ వాడేవాళ్లకు మాత్రం ఇది చెప్పను.

ఇంటర్నెట్ తగిలించకుండా ఒక్క పని కోసమే ఉంచిన కంప్యూటర్ ఉంటే, ఉదాహరణకు ఫ్లెక్సీ మెషీన్‌ను నడిపేది, దాన్ని పాత విండోస్‌తోనే ఉండనివ్వండి. దానికి వైరస్ తెచ్చేది పెన్‌డ్రైవే. ప్రతి పెన్‌డ్రైవ్‌నూ ముందు ఇంకో కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే అందులో పెట్టండి.

ఏడో అంచె: వెనక్కి వచ్చే దారి

ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి మరవద్దు, మనవాళ్ల సగం ప్రపంచం అక్కడే ఉంటుంది. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ట్యాలీ డేటాకు విడిగా బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి బ్యాలెన్సులు సరిపోయాయో లేదో చూడండి. పని అయ్యాక డిస్క్ ఊడదీయండి. తగిలించే ఉంచితే, రేపు వైరస్ వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది.

డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు పేరు బిట్‌లాకర్. దాని కీ గురించి చాలామందికి తెలియదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. బయోస్ అప్‌డేట్ తర్వాత నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేనివాళ్లకు ఫైళ్లు దక్కవు. మొదటి అంచెలో రాసుకోమన్న ఆ అకౌంట్‌లోనే ఆ కీ దాచి ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

దొంగ యాక్టివేటర్‌తో నడిపే విండోస్ ఉంటే అప్‌గ్రేడ్ సంగతి తర్వాత, ముందు అసలు లైసెన్సు తీసుకోండి. అలాంటి యాక్టివేటర్ పెట్టేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటారు. అప్పుడు ఇంకేం లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో అంచె: చేసే రోజు

పొద్దున్నే మొదలుపెట్టండి. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిజంగా పనిచేస్తుందో ముందురోజే ప్లగ్ పీకి చూడాలి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడు కావచ్చు. పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్ కొన్ని జీబీలు లాగుతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ రోజువారీ డేటా సరిపోదు. సీ డ్రైవ్‌లో 30 జీబీ దాకా ఖాళీ ఉంచండి. అవసరం లేని యూఎస్‌బీ సామాను తీసేయండి. శాతం అంకె ఒకేచోట గంట ఆగినా పవర్ బటన్ నొక్కొద్దు.

విండోస్ మీకు అనువుకాని రోజు అప్‌డేట్ అడిగితే, అప్‌డేట్లను పూర్తిగా ఆఫ్ చేయకుండా సెట్టింగ్స్‌లో 'పాజ్' వాడండి. ఐదు వారాల దాకా ఆపొచ్చు.

తొమ్మిదో అంచె: అయ్యాక

వెంటనే ఒక బిల్లు ప్రింటు తీయండి, టోకెన్‌తో సంతకం పెట్టి చూడండి, స్కానర్ నడపండి, ట్యాలీ తెరిచి నిన్నటి నగదు నిల్వ సరిపోయిందో చూడండి, తెలుగు టైపు చేయండి. విండోస్ పెద్ద వెర్షన్ అయితే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, 'గో బ్యాక్'. కాబట్టి నెలకోసారి చేసే పనులన్నీ ఆ 10 రోజుల్లోనే ఒకసారి ఉత్తుత్తిగానైనా చేసి చూడండి. స్థలం కోసమని డిస్క్ క్లీనప్‌లో 'పాత విండోస్ ఇన్‌స్టలేషన్' తీసేస్తే ఆ దారి ఆ క్షణమే మూసుకుపోతుంది. నెలవారీ ప్యాచ్‌తోనే ఇబ్బంది వస్తే, అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి ఆ ఒక్కదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, సవరించింది వచ్చేదాకా పాజ్‌లో ఉంచండి. వాడిన బ్యాకప్ డిస్క్‌ను మాత్రం వచ్చే జీఎస్‌టీ రిటర్న్ వేసేదాకా వేరే పనికి తీసుకోకండి.